కాలేయం స్థానంలో ఒక సమీకరణం

క్లోమం నుంచి ఇన్సులిన్ ఎడతెగని ధారగా రాదు. సుమారు 5 నిమిషాలకొకసారి అలలా లేచి పడుతుంది. మనుషుల రక్తంలో ఈ ఎగుడుదిగుడును 1979లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నమోదు చేశారు. వారి లెక్కలో అల నిడివి 13 నిమిషాలు. తర్వాతి నిశితమైన కొలతల్లో అది తగ్గింది. టైప్ 2 మధుమేహంలో ఈ లయ చెదురుతుంది. రోగుల రక్తసంబంధీకుల్లో కూడా, వ్యాధి ముదరకముందే చెదురుతుందని 1988లో తేలింది.

ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు లాంగర్‌హాన్స్ పుటికల్లో గుంపులుగా ఉంటాయి. ఒకే పుటికలోని కణాలను కనెక్సిన్ 36 అనే ప్రోటీన్‌తో ఏర్పడిన సన్నని దారులు కలుపుతాయి. విద్యుత్ సంకేతం వాటి గుండా పాకడం వల్ల కణాలు ఒక్కటై స్పందిస్తాయి. అంతవరకు చిక్కులేదు. అయితే మనిషి క్లోమంలో పుటికలు దాదాపు 10 లక్షలు. వాటి మధ్య ఇలాంటి దారులేవీ లేవు. ఎవరి లయ వారిదే అయితే అలలన్నీ ఒకదాన్నొకటి చెరిపేసుకుని, రక్తంలో చదునైన గీత మిగలాలి. అలా జరగడం లేదు.

అనుమానం కాలేయం మీదికి వెళ్లింది. ఇన్సులిన్ పెరిగితే కాలేయం గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. గ్లూకోజ్ తగ్గితే పుటికలన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి. నియంత్రణ సిద్ధాంతంలో దీన్ని రుణాత్మక ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇస్త్రీ పెట్టెలోని థర్మోస్టాట్ చేసేదీ ఇదే. ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్‌ను ఊగిసలాట అణచడానికి వాడతారు. ఇక్కడ మాత్రం ఊగిసలాటే కావాలి.

దీన్ని పరీక్షించే యంత్రం ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో, రసాయనశాస్త్రవేత్త మైకేల్ రోపర్, గణితవేత్త రిచర్డ్ బెర్ట్రమ్ బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది. 2011లో వారు బయటి నుంచి గ్లూకోజ్‌ను అలలుగా పంపి ఎలుక పుటికలను ఒకే లయకు తెచ్చారు. అది పైనుంచి రుద్దిన తాళం. 2014లో ప్రచురించిన ప్రయోగంలో తాళం వేసేవాళ్లే లేరు. సన్నని కాలువలున్న చిప్ గదిలో పుటికలను ఉంచి, వాటి ఉమ్మడి స్పందనను కొలిచారు. ఆ అంకె కాలేయాన్ని అనుకరించే సమీకరణంలోకి వెళ్తుంది, అది లెక్కగట్టిన మోతాదు గ్లూకోజ్ తిరిగి గదిలోకి వస్తుంది, మళ్లీ కొలత.

ఏ పుటిక ఏం చేస్తోందో సమీకరణానికి తెలియదు, మొత్తమే తెలుసు. అయినా సమీకరణంలోని విలువలను తగినట్టు అమర్చినప్పుడు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పుటికలు కలిసి ఊగాయి. ప్రయోగం అందం అక్కడే ఉంది.

కాలేయం ఈ పని చేయగలదని యంత్రం చూపింది. శరీరంలో అదొక్కటే చేస్తోందని మాత్రం కాదు. క్లోమంలోని నాడీకణాల ముడులకూ ఇందులో పాత్ర ఉండవచ్చన్న వాదన ఇంకా నిలిచే ఉంది.