ఊటీ బురద చెప్పిన వానల లెక్క

ఊటీ మనలో చాలామంది చూసే ఉంటారు. బోటింగ్, టీ తోటలు, చాక్లెట్లు, ఓ వంద ఫొటోలు. నేను రెండుసార్లు వెళ్లాను. ఒక్కసారి కూడా కాళ్ల కింద ఏముందో చూడలేదు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

నీలగిరి కొండల లోయల్లో, శాండినల్లా లాంటి చోట్ల, నల్లటి మెత్తటి నేల ఉంటుంది. దాన్ని పీట్ అంటారు. చూస్తే బురదే. కానీ అందులో ఎక్కువ భాగం పూర్తిగా కుళ్లకుండా మిగిలిపోయిన గడ్డి, ఆకులు, వేళ్లు. ఎందుకు కుళ్లలేదంటే, నీళ్లు నిలిచిన చోట గాలి ఆడదు. గాలి లేకపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవుల పని బాగా నెమ్మదిస్తుంది. మన ఆవకాయ జాడీ లాగే అనుకోండి. ముక్క నూనెలో మునిగి ఉన్నంతకాలం ఏమీ కాదు. పైకి తేలిందా, బూజే. ఇక్కడ నూనె బదులు నీళ్లు.

ఇలా పొర మీద పొర పడుతుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. అంటే లోతుకి వెళ్లేకొద్దీ పాత కాలంలోకి వెళ్తున్నట్టే.

బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఆర్. సుకుమార్ బృందం ఈ పొరల్ని చదివి, 1993లో 'నేచర్' పత్రికలో రాసింది. దాదాపు 20 వేల ఏళ్ల చరిత్ర! ఎలా చదివారో చెప్తాను, నాకు బాగా నచ్చిన భాగం ఇది. గాలిలోని కార్బన్‌లో మామూలుది ఒకటి, కొంచెం బరువైనది ఒకటి ఉంటాయి. చెట్లు, వరి లాంటివి బరువైనదాన్ని బాగా తగ్గించి తీసుకుంటాయి. జొన్న, చెరకు, కొన్ని రకాల గడ్డి అంతగా పట్టించుకోవు. ఈ రెండో రకం గడ్డి వానలు తగ్గినప్పుడు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువున్నప్పుడు బాగా విస్తరిస్తుంది. కాబట్టి ఏ పొరలో ఏ కార్బన్ ఎంతుందో కొలిస్తే, అప్పటి వాతావరణం ఎలా ఉండేదో తెలుస్తుంది.

మంచుయుగం ముదిరిన కాలంలో, అంటే 20 వేల ఏళ్ల కిందటికి దగ్గర్లో, నీలగిరుల్లో ఆ రెండో రకం గడ్డిదే రాజ్యం. రుతుపవనాలు బలహీనం. సుమారు 11 వేల ఏళ్ల కిందట తడి పెరిగింది. ఆ తర్వాత మళ్లీ ఓ పొడి కాలం. థర్మామీటర్ పుట్టకముందు మన వానలు ఎలా మారాయో, ఈ బురద రాసిపెట్టింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఈ పొరల్లో ఉన్న పాత ఆకులూ వేళ్లే కార్బన్ నిల్వ కూడా. ప్రపంచ నేలలో పీట్ వాటా దాదాపు 3 శాతమే. దాచిన కార్బన్ మాత్రం సుమారు 60 వేల కోట్ల టన్నులు. లోకంలోని అడవుల్లో ఉన్న చెట్లన్నీ కలిపినా అంత ఉండదు.

మరి జాడీలో నూనె ఒంపేస్తే? ఇండోనేషియాలో అదే చేశారు. 1996లో సెంట్రల్ కాలిమంతాన్‌లో దాదాపు 10 లక్షల హెక్టార్ల పీట్ ప్రాంతాన్ని వరిపొలాలు చేద్దామని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. నీళ్లు పోయాయి, నేల ఎండింది. 1997లో ఎల్‌నినో కరువు, దాంతో మంటలు. పీట్ మంట పైకి పెద్దగా కనపడదు, నేల లోపలే రాజుకుంటూ పోతుంది. పొగ సింగపూర్ దాకా కమ్మేసింది. ఆ ఏడాది ఇండోనేషియా పీట్, అడవుల మంటల్లో పోయిన కార్బన్, ప్రపంచం మొత్తం పెట్రోలు, బొగ్గు లాంటివి కాల్చి వదిలినదాంట్లో 13 నుంచి 40 శాతానికి సమానమని తర్వాత లెక్కేశారు. ఇంతా చేస్తే వరి సరిగ్గా పండలేదు, ప్రాజెక్టు 1999లో ఆపేశారు.

2015లో మళ్లీ పెద్ద మంటలు వచ్చాక, కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను తిరిగి తడిపే పని పెద్ద ఎత్తున చేపట్టారు. దాంతో మిగిలిన పీట్‌ని కాపాడుకోవచ్చు. కాలిపోయిన మీటరు లోతు తిరిగి రావాలంటే మాత్రం, పైన చెప్పిన లెక్కన, కనీసం వెయ్యేళ్లు. ఆ మీటరులో రాసున్న వానల లెక్క ఎటూ తిరిగి రాదు.