మొదటి సూది ఆపొద్దు, మూడో రోజు ఆలోచించండి

సికిల్‌సెల్ ఉన్న ఏడాది పాపకు ఒక్క రాత్రిలో రెండు చేతుల వేళ్లూ ఉబ్బి నిగనిగలాడతాయి. ఒళ్లు కాలిపోతుంది, చెయ్యి తాకనివ్వదు. రక్త పరీక్షలో తెల్లకణాలు పెరిగి కనిపిస్తాయి. ఎవరికైనా చీము పట్టిందేమో అనిపిస్తుంది. కానీ చాలాసార్లు అక్కడ ఏ సూక్ష్మజీవీ ఉండదు. కొడవలిలా వంగి బిరుసెక్కిన ఎర్రకణాలు సన్నని నాళాలకు అడ్డం పడి, ఎముకకు రక్తం అందక వచ్చిన వాపు అది.

అయినా డాక్టర్లు భయపడతారు. ఆ భయం సరైనదే. రక్తంలోని బాక్టీరియాను వడకట్టే ప్లీహం ఈ పిల్లల్లో చాలామందికి ఐదేళ్లలోపే దెబ్బతింటుంది. మన దేశంలో కనిపించే రకంలో కొందరికి ఇంకాస్త ఆలస్యంగా జరుగుతుంది, అంతే తేడా. న్యుమోకాకస్ అనే బాక్టీరియా రక్తంలోకి చేరితే పొద్దున ఆడుకున్న బిడ్డ రాత్రికి దక్కకపోవచ్చు. రోజూ పెన్సిలిన్ ఇస్తే ఈ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. కాబట్టి చిన్నపిల్లలకు రోజూ వేసే పెన్సిలిన్‌ను, 38.5 డిగ్రీలు దాటిన జ్వరానికి వెంటనే ఇచ్చే మొదటి యాంటీబయాటిక్ సూదిని ఎవరూ మానకూడదు.

నా బాధంతా ఆ తర్వాతి రోజుల గురించి. సూదికి ముందే తీసిన రక్తం కల్చర్ సీసాలో ఉంటుంది. బాక్టీరియా పెరిగితే అది వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల సీసా అడుగునున్న బిళ్ల పసుపుపచ్చగా మారుతుంది. ప్రమాదకరమైనవి చాలావరకు 48 గంటల్లోపే ఇలా దొరికిపోతాయి. బిళ్ల రంగు మారలేదు, ఛాతీ బాగుంది, బిడ్డ తేరుకుంది అంటే డాక్టరు యాంటీబయాటిక్ ఆపేయొచ్చు. ఆ నిర్ణయం మాత్రం డాక్టరుదే, ఇంట్లో మనది కాదు. ‘ఎందుకైనా మంచిది’ అని వారం సాగదీస్తే మొండి బాక్టీరియా బలపడుతుంది. ఏడాదికి నాలుగుసార్లు ఆసుపత్రికొచ్చే బిడ్డకు రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. పైగా ఎక్కువగా వాడే సెఫ్ట్రియాక్సోన్ అరుదుగానైనా ఎర్రకణాలను ఉన్నట్టుండి పగలగొడుతుంది. అసలే రక్తం తక్కువున్న ఈ పిల్లల్లో దానివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే లెక్క మారుతుంది. 2000లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఇలాంటి 671 సందర్భాలను వెతికితే కచ్చితమైన కారణం దొరికింది 38 శాతంలోనే. కొందరిలో క్రిములు, మరికొందరిలో ఎముక మజ్జ నుంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చిన కొవ్వు. ఏది కారణమో ముందే తెలియదు కాబట్టి అక్కడ యాంటీబయాటిక్ వేయాల్సిందే.

మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ సికిల్‌సెల్ కుటుంబాలున్నాయి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు పట్టుకుని జ్వరంతో వచ్చే బిడ్డకు మొదటి సూదితో పాటు కల్చర్ సీసా కూడా సిద్ధంగా ఉండాలి. అది లేనిచోట మూడో రోజు మందు ఆపమని ఏ డాక్టరుకైనా ఎలా చెప్పగలం?