నోట్లో ఉన్నది ఏ ఈస్ట్?

పసిబిడ్డ నాలుక మీద తెల్లటి పూత కనిపిస్తే పాల మరకేమో అనుకుంటాం. పాలైతే తడిగుడ్డతో తుడవగానే పోతాయి. అంత తేలిగ్గా పోకుండా, తుడిచినచోట ఎర్రగా కనిపిస్తే అది కాండిడా అనే ఈస్ట్ కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోళ్లలోనూ ఇది హాని చేయకుండా ఉంటుంది. పసిపిల్లల్లో, కట్టుడు పళ్లు పెట్టుకునేవారిలో, మధుమేహం ఉన్నవారిలో, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారిలో అదుపు తప్పి పెరగవచ్చు.

సూక్ష్మజీవుల పాఠంలో మన పిల్లలు ఈస్ట్ బొమ్మ గీస్తారు. గుండ్రటి కణం, దాని పక్కన చిన్న మొగ్గ. చిక్కంతా అక్కడే ఉంది. కాండిడా జాతులు చాలావరకు మైక్రోస్కోప్ కింద ఇలాగే కనిపిస్తాయి. మరి ఏది ఏదో ల్యాబులో ఎలా తేలుస్తారు?

ముందు దూదిపుల్లతో నోటి లోపల నమూనా తీసి సబురో అగార్ అనే మాధ్యమం మీద పూస్తారు. ఒకటి రెండు రోజుల్లో మీగడ రంగు చుక్కలు లేస్తాయి. ఈస్ట్ అని తెలిసింది కానీ ఏ జాతో తెలియలేదు.

తర్వాతిది మొలక పరీక్ష. ఆ చుక్కలోంచి కాస్త తీసి సీరంలో కలిపి, 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో 2, 3 గంటలు ఉంచుతారు. కాండిడా ఆల్బికాన్స్ అయితే పెసర గింజ మొలకెత్తినట్టు కణం నుంచి సన్నని గొట్టం వస్తుంది. ఇంకో పద్ధతి రంగుల అగార్. దీనిమీద ఆల్బికాన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రూసై గరుకు గులాబీగా పెరుగుతాయి. ఒకే నోట్లో రెండు జాతులుంటే ఈ పళ్లెంలో కనబడిపోతుంది. ఏ చక్కెరలను వాడుకోగలదో కూడా చూస్తారు. గ్లాబ్రేటాకు గ్లూకోజ్, ట్రెహలోజ్ తప్ప మిగతావి దాదాపు పట్టవు.

ఒక్క పరీక్షనే నమ్మితే ఏమవుతుందో 1995లో తెలిసింది. హెచ్‌ఐవి ఉన్నవారి నోళ్లలో ఆల్బికాన్స్‌ను పోలిన కొన్ని ఈస్టులు నిజానికి వేరే జాతి అని ఐర్లాండ్‌లోని డబ్లిన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఊరి పేరు మీద దాన్ని డబ్లినియెన్సిస్ అన్నారు. దానికీ మొలక వస్తుంది. అయితే 45 డిగ్రీల వేడిలో ఆల్బికాన్స్ పెరుగుతుంది, ఇది సాధారణంగా పెరగదు. ఖాయంగా తేల్చాలంటే డీఎన్‌ఏ చదవాలి. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో మాల్డీ టాఫ్ యంత్రం ఈస్ట్ ప్రోటీన్లను బేరీజు వేసి నిమిషాల్లో పేరు చెబుతోంది.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటి? మందు మారుతుంది. తరచుగా ఇచ్చే ఫ్లూకోనజోల్‌కు క్రూసై సహజంగానే లొంగదు. గ్లాబ్రేటా కూడా కొంత మొండిదే. మామూలు పూతను డాక్టర్లు చూసే గుర్తుపడతారు, ప్రతిసారీ ల్యాబు అక్కర్లేదు. మందు వాడినా తగ్గకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా పరీక్ష గురించి అడగాలి. పాత చీటీతో మందుల షాపుకు వెళ్లకూడదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. నోటి నమూనాలను బడిలో పెంచకండి. గోరువెచ్చని చక్కెర నీటిలో రొట్టె ఈస్ట్ వేసి, అరగంట తర్వాత మైక్రోస్కోప్ కింద మొగ్గలు చూపిస్తే చాలు. ఆపైన ఒక ప్రశ్న వేయండి: "ఇదే ఫలితం ఇంకెవరికి రావచ్చు?" డబ్లిన్‌లో పనికొచ్చిన ప్రశ్న అదే.

మన ఇళ్లలో ల్యాబు రిపోర్టు వస్తే పెద్దలకు తెలుగులో చెప్పేది చాలాసార్లు పిల్లలే. బళ్లారిలో అయినా, హోసూరులో అయినా, బరంపురంలో అయినా జాతి శాస్త్రీయ నామం ఒక్కటే. రిపోర్టులో 'కాండిడా' తర్వాత ఉన్న మాటను చూడమని వాళ్లకు నేర్పిద్దాం.