నిమ్మాకుపై వెండిగీత

బిచ్కుంద ప్రాంతమున వానలు పడగానే పెరటి నిమ్మచెట్టు చిగురించును. కొన్ని దినములకే ఆ లేత ఆకులపై వెండిసిరాతో గీచినట్లు వంకర గీతలు కనబడును, ఆకులు ముడుచుకొనును. ఇంటివారు చెట్టుకు తెగులు తగిలినదని తలచి మందు చల్లబూనుదురు. కాని అది తెగులు కాదు. ఒక పురుగు ఆకు లోపల నడచిన త్రోవ. ఆ త్రోవను పరీక్షించినచో ఆ పురుగు ఏదో, ఇంకను లోపల ఉన్నదో లేదో కూడ తెలిసికొనవచ్చును.

ఈ పురుగు సీతాకోకచిలుకలకు చుట్టము. 1856లో స్టెయిన్‌టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కలకత్తా నమూనాలను బట్టి దీనిని వర్ణించెను. దీని శాస్త్రీయ నామము ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. రెక్కలు చాచినను ఇది దాదాపు 4, 5 మిల్లీమీటర్లే యుండును. వెండివలె మెరయు ముందురెక్కల కొనలయందు ఒక్కొక్క నల్లచుక్క దీని గుర్తు. చీకటివేళ తిరుగునది గనుక సాధారణముగ కంటబడదు. అందుచేత పురుగును వెదకుటకంటె ఆకును చూచుటయే సులభము.

తల్లిపురుగు లేత ఆకుపై, ముఖ్యముగ నడిఈనె ప్రక్కన, నీటిబొట్టువంటి గ్రుడ్లను విడివిడిగా పెట్టును. గ్రుడ్డునుండి వెలువడిన డింభకము బయటి గాలి సోకకుండ నేరుగా ఆకులోనికి దూరును. దీనికి కాళ్లు లేవు. శరీరము బల్లపరుపుగా నుండును. ఇది పైపొరలోని కణములను చీల్చి రసమును త్రాగుచు ముందునకు సాగును. ఖాళీయైన పొర క్రింద గాలి చేరుటచే త్రోవ వెండివలె మెరయును. త్రోవ నడుమ సాగు నల్లని సన్నని గీత పురుగు విసర్జించిన మలము. డింభకము పెరిగినకొలది త్రోవయు వెడల్పగును. చివరి దశలో అది ఆహారము మాని, ఆకు అంచును పట్టుదారముతో మడచుకొని, ఆ మడతలోనే కోశస్థదశను గడపును. వేడిమినిబట్టి ఈ జీవితచక్రము రెండు వారములలో ముగియవచ్చును. చలికాలమున ఇంకను ఎక్కువకాలము పట్టును.

ఆకుపై గీత లన్నియు ఈ పురుగువి కావు. టమాట, ఆముదపు ఆకులలో పాముజాడవంటి త్రోవలు చేయునది ఒక చిన్న ఈగ. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ ఈగ మన దేశమున 1990 తరువాతనే వ్యాపించినది. దాని పిల్లపురుగు పసుపుపచ్చగా నుండి ఆకులోని పచ్చని భాగమును తినును. పెరిగిన పిమ్మట తరచు నేలపై రాలి మట్టిలో కోశస్థమగును. సోయా చిక్కుడు, వేరుసెనగ ఆకులలో సొరంగము చేయునది మరియొక రెక్కల పురుగు. అది కొన్నాళ్లకు బయటికి వచ్చి ఆకులను దారములతో కలిపి ముడుచును. కోశస్థదశ ఆకు అంచునా, మట్టిలోనా, ముడిచిన ఆకుల నడుమనా అని చూచినచో ఈ మూడింటిని వేరుపరుపవచ్చును.

విద్యార్థులు అంచు ముడిచిన నిమ్మాకులను గాజుసీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి చూడవచ్చును. కొన్ని ఆకులనుండి తెల్లని రెక్కల పురుగు రాదు. దాని బదులు చీమతలకంటె చిన్నదైన కందిరీగజాతి కీటకము రావచ్చును. దాని పిల్లలు డింభకమునే తిని పెరుగును. 1993లో నిమ్మపురుగు అమెరికాలోని ఫ్లారిడా నారింజతోటలలో కనబడగా, మరుసటి యేటనే అక్కడివారు ఇట్టి కీటకము నొకదానిని తెప్పించి విడిచిరి.

పెద్దచెట్టు ఈ నష్టమును చాలవరకు ఓర్చుకొనును, లేతమొక్క ఓర్వలేదు. పొర చీలిన చోటునుండి గజ్జితెగులు కలిగించు బాక్టీరియాయు లోనికి చొరబడును. అయినను ముదిరిన ఆకుపై నున్న గీత ఖాళీ యింటివంటిది. అందలి పురుగు ఎప్పుడో ఎగిరిపోయినది. ఆ ఆకుపై మందు చల్లినచో చచ్చునది శత్రువు కాదు, మిత్రమైన కందిరీగయే. కనుక చేయి మందుడబ్బాపై పడకముందు కన్ను లేతచిగురుపై పడవలెను.