అస్థికలతో ఇంటికెళ్లిన టాక్సీ ప్రొఫెసర్

సోమవారం రాత్రి ఎన్‌బీసీలో వచ్చిన 'హీరోస్' సీరియల్ గుర్తుందా? 2006 సెప్టెంబరు 25న మొదలై, నాలుగు సీజన్లు నడిచి, 2010 ఫిబ్రవరిలో ముగిసింది. గాల్లో ఎగిరేవాడు, కాలాన్ని ఆపేసేవాడు, ఎంత దెబ్బ తగిలినా క్షణాల్లో గాయం మానిపోయే స్కూలు పిల్ల... అందరూ అలాంటి వాళ్లే. వాళ్ల మధ్య మొదట్లో ఏ శక్తీ లేని మన వైపు మనిషి ఒకడున్నాడు. మద్రాసులో జెనెటిక్స్ ప్రొఫెసర్, పేరు మోహిందర్ సురేష్.

మద్రాసులో మోహిందర్ ఎక్కడ దొరికాడండీ? అది పంజాబీల ఇళ్లలో వినపడే పేరు. వేషం వేసిన నటుడి పేరేమో సెంధిల్ రామమూర్తి, అచ్చమైన దక్షిణాది పేరు! షికాగోలో పుట్టి టెక్సస్‌లో పెరిగిన ఆయన చేత ఇండియా యాసలో మాట్లాడించారు. అమెరికా టీవీకి మనమంతా ఒకటే మరి.

అయినా ఆ పాత్ర మనకు దగ్గరగానే అనిపిస్తుంది. తండ్రి చంద్ర సురేష్ వింత శక్తులున్న మనుషుల్ని వెతుక్కుంటూ న్యూయార్క్ వచ్చి, టాక్సీ నడుపుతూ హత్యకు గురవుతాడు. ఆ సంగతి తేల్చుకోవడానికి కొడుకు వచ్చి, బ్రూక్లిన్‌లో తండ్రి ఉన్న ఇంట్లోనే దిగుతాడు. తనూ టాక్సీ తోలతాడు. మామూలుగా పిల్లలు ఇక్కడ, పెద్దవాళ్లు అక్కడ. ఈ కథలో అది తిరగబడింది. చదివిన చదువొకటి, చేసే పనొకటి అన్న ముచ్చట మనలో చాలామందికి కొత్తగా చెప్పక్కర్లేదు.

2006 నవంబరు 13న వచ్చిన ఎనిమిదో భాగం 'సెవెన్ మినిట్స్ టు మిడ్‌నైట్' చూస్తే గుండె బరువెక్కుతుంది. మోహిందర్ తండ్రి అస్థికలతో చెన్నై చేరతాడు. తను ఎరగని అక్క ఒకతె ఉండేదని, చిన్నప్పుడే పోయిందని తల్లి చెబితే అప్పుడు తెలుసుకుంటాడు. తండ్రి ఎందుకంత పిచ్చిగా ఊళ్లు పట్టుకు తిరిగాడో ఆయన పోయాక గానీ కొడుక్కి అర్థం కాలేదు. కలల్లోకి వచ్చే కుర్రాడి సంగతి సరే, మాకు పట్టింది ఈ తల్లీకొడుకుల మాటలే.

సీరియల్లో అస్థికలు ఒక్క సీనులో సముద్రం దాటేస్తాయి. నిజంగా తీసుకెళ్లేవాళ్లు డెత్ సర్టిఫికెట్, దహనం జరిగినట్టు ఇచ్చే కాగితం చేతిలో ఉంచుకోవాలి. కాన్సులేట్‌ను ముందే అడగడం మంచిది. పాత్ర లోహంది కాకుండా చూసుకోండి. ఎక్స్‌రేలో లోపలిది కనపడకపోతే ఎయిర్‌పోర్టులో ఒప్పుకోరు. మనం తెరవమన్నా వాళ్లు తెరవరు.

మోహిందర్ చెన్నైలో ఉండిపోతాడనుకున్నాం. ఉండలేదు. నాన్న వదిలిన పని పూర్తిచేయాలంటూ మళ్లీ న్యూయార్క్‌కే బయల్దేరాడు, మన సెలవులు అయిపోయినట్టే.