పాత క్యాంపర్ వ్యాన్ కొనాలా? టోకెన్ కొట్టే ముందు ఈ 10 నిమిషాలు ఇవ్వండి | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

ఈ రోజు ఎపిసోడ్‌లో కొంచెం నా పర్సనల్ స్టోరీ కూడా ఉంది.

పోయిన నెలలో ఒక ఆదివారం, మేడ్చల్ దగ్గర ఒక షెడ్‌లో నిలబడి ఉన్నా. చేతిలో ఫోన్, యూపీఐ యాప్ ఓపెన్ చేసి ఉంది, 20,000 అని టైప్ కూడా చేసేశా. పిన్ కొట్టడమే మిగిలింది. ఎదురుగా 2013 మోడల్ టెంపో ట్రావెలర్. లోపల బెడ్డు, చిన్న కిచెన్, సింక్, ఎల్‌ఈడీ లైట్లు, పైన ఒక సోలార్ ప్యానెల్. అడిగింది 6 లక్షల 20 వేలు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు బ్రదర్, మీరు టోకెన్ ఇస్తే ఆపేస్తా" అన్నాడు అమ్మే ఆయన.

జాబ్ మానేసి అప్పటికి 8 నెలలు. సేవింగ్స్‌లో మిగిలింది దాదాపు ఈ బండి రేటే. ట్రావెల్ ఎపిసోడ్స్ చేయాలి, అరకు నుంచి గండికోట దాకా బండిలోనే పడుకుంటూ తిరగాలి, ఇదీ నా ప్లాన్. అమ్మకి చెప్తే, "ఇల్లు కొనుక్కోరా అంటే బండిలో ఇల్లు కడతావా" అంది. నాన్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్. బండి గురించి ఆయనకి తెలిసినంత నాకు తెలీదు కదా అని, పిన్ కొట్టే ముందు ఒక ఫోన్ చేశా. బెడ్డు, కిచెన్, సోలార్ అన్నీ గడగడా చెప్పేశా. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు: "బండి సంగతి తర్వాత. ఆర్సీల ఏం రాసుంది?"

నేను ఆర్సీ చూడలేదు ఫ్రెండ్స్. కర్టెన్ కలర్ చూశా గానీ ఆర్సీ చూడలేదు.

ముందు, మన దగ్గర దొరికే పాత క్యాంపర్ అంటే ఏంటి?

ఇన్‌స్టాలో మనం చూసే క్యాంపర్ వ్యాన్ కల్చర్ అంతా యూరప్, అమెరికాది. 1950లో ఫోక్స్‌వాగన్ టైప్ 2 వచ్చింది, దాని మీదే ఈ ట్రెండ్ పెరిగింది. అక్కడ ఫ్యాక్టరీ నుంచే క్యాంపర్‌గా వచ్చిన పాత బండ్లు బోలెడు దొరుకుతాయి. మన దగ్గర సీన్ వేరు. పాత క్యాంపర్ అని అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ శాతం ఒకప్పుడు పెళ్లి పార్టీలకి, తిరుపతి ట్రిప్పులకి, ఆఫీస్ డ్రాపింగ్‌కి తిరిగిన ట్రావెలర్లే. సీట్లు పీకేసి, లోపల ప్లైవుడ్ పని చేయించి అమ్ముతారు. కొన్ని మారుతీ ఓమ్నీలు కూడా కనిపిస్తాయి. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది.

అంటే మనం కొనేది రెండు వస్తువులు. ఒకటి లక్షల కిలోమీటర్లు తిరిగిన ట్యాక్సీ. రెండోది ఎవరో కార్పెంటర్, ఎవరో ఎలక్ట్రీషియన్ కలిసి దాని లోపల కట్టిన ఒక చిన్న రూమ్. ఈ రెండింటికీ మధ్యలో ఉండే కాగితమే ఆర్సీ.

ఆర్సీలో ఏం చూడాలి?

షెడ్‌లోనే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టా. ఏం వచ్చిందో చెప్తా. వెహికల్ క్లాస్: మ్యాక్సీ క్యాబ్. సీటింగ్: 13. అంటే గవర్నమెంట్ రికార్డులో అది ఇప్పటికీ 13 మంది కూర్చునే ఎల్లో బోర్డ్ బండి. నా కళ్ల ముందు మాత్రం రెండు సీట్లు, ఒక బెడ్డు ఉన్నాయి.

"దాందేముంది బ్రదర్, అందరూ ఇట్లనే తిరుగుతున్నరు" అన్నాడు ఆయన. తిరుగుతున్నారు, నిజమే. పట్టుకునేదాకా తిరుగుతారు.

మోటార్ వెహికల్స్ యాక్ట్, 1988లో సెక్షన్ 52 అని ఉంది. బండి తయారు చేసిన కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా ఓనర్ ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు అని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. రూల్స్ ఒప్పుకునే మార్పు అయినా ముందు పర్మిషన్ ఉండాలి, తర్వాత అది ఆర్సీలో ఎక్కాలి. అలా చేయకపోతే సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 ఫైన్, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఇదంతా పేపర్ మీద మాటే అనుకుంటున్నారా? 2021 ఆగస్టులో కేరళలోని కన్నూర్‌లో, ఇద్దరు పాపులర్ యూట్యూబర్ బ్రదర్స్ ట్రావెల్ వ్లాగ్స్ కోసం మార్చుకున్న టెంపో ట్రావెలర్‌ని అక్కడి మోటార్ వెహికల్స్ డిపార్ట్‌మెంట్ సీజ్ చేసింది. అది కేరళ అంతా పెద్ద న్యూస్ అయింది. మన లాంటి వ్లాగర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది: సాక్ష్యం మనమే రోజూ అప్‌లోడ్ చేస్తుంటాం!

మరి లీగల్‌గా క్యాంపర్ ఉండదా అంటే, ఉంటుంది. మన రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో ప్రైవేట్ యూజ్ క్యాంపర్ వ్యాన్ అనే క్లాస్ ఉంది, మోటార్ క్యారవాన్ అనే క్లాస్ కూడా ఉంది. ఆర్సీలో ఆ మాట ఉన్న బండి దొరికితే, లక్ష ఎక్కువైనా అదే చవక. ఎందుకంటే బెడ్డు రేపు కట్టించుకోవచ్చు, సింక్ ఎల్లుండి పెట్టించుకోవచ్చు. ఆర్సీని మనం షెడ్‌లో కూర్చుని మార్చలేం.

దీనికి ఇన్సూరెన్స్ లింక్ కూడా ఉంది. పాలసీ 13 సీట్ల ట్యాక్సీ మీద ఉండి, లోపల గ్యాస్ స్టవ్, ఇన్వర్టర్ ఉన్న బండి కాలిపోయిందనుకోండి. చెప్పకుండా చేసిన మార్పులు చూపించి కంపెనీ క్లెయిమ్ రిజెక్ట్ చేసే ఛాన్స్ ఉంది. అప్పుడు 6 లక్షలు ఒక్క రాత్రిలో బూడిదే.

ఇంకొన్ని పాయింట్లు త్వరగా చెప్పేస్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి:

ఒకటి, ఆర్సీలో ఉన్న పేరు, మీ ముందు నిలబడ్డ మనిషి పేరు ఒకటేనా? చాలా పాత బండ్లు సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, ఫారం 30తో ముగ్గురు నలుగురి చేతులు మారుతాయి. రిజిస్టర్డ్ ఓనర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఆ గొలుసులో చివరి మనిషి మీరు కావద్దు.

రెండు, లోన్ ఉంటే ఆర్సీలో ఫైనాన్షియర్ పేరు ఉంటుంది. బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

మూడు, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28, అంటే అక్కడి ఎన్‌ఓసీ కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి బండ్లు తక్కువ రేటుకి ఇటు వస్తుంటాయి. ఆ తగ్గిన రేటుకి ట్యాక్స్, రవాణా ఖర్చు కలిపి చూసుకోండి.

నాలుగు, వయసు. ప్రైవేట్ బండి ఆర్సీకి 15 ఏళ్లు, తర్వాత 5 ఏళ్లకోసారి రెన్యువల్. లైట్ మోటార్ వెహికల్‌కి 15 ఏళ్లు దాటితే రెన్యువల్ ఫీజు 5,000, 20 ఏళ్లు దాటితే 10,000. 2025 ఆగస్టు నుంచి ఇదీ లెక్క. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఎల్లో బోర్డ్‌గానే ఉంచితే 8 ఏళ్లు దాటాక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్‌కి వెళ్లాలి. అక్కడ ఇన్‌స్పెక్టర్ గారికి మీ కిచెన్ చూపించాల్సి వస్తుంది మరి!

సరే, పేపర్లు ఓకే అనుకుందాం. బండి కింద దూరండి

లోపల ఎంత బాగుంటే కింద అంత అనుమానంగా చూడాలి. నేను మా మెకానిక్ చాచాని వీడియో కాల్‌లో పెట్టా. "బేటా, ముందు మ్యాట్ లేపు" అన్నారు. లేపితే, మెట్టు దగ్గర ఇనుము వేలితో నొక్కితే పొడిలా రాలింది. సముద్రం దగ్గర తిరిగిన బండ్లకి, అంటే వైజాగ్, కాకినాడ సైడ్ వాటికి ఇది ఇంకా ఎక్కువ.

ఒక చిన్న మ్యాగ్నెట్ జేబులో పెట్టుకెళ్లండి. బాడీ మీద ఎక్కడ అతుక్కోకపోతే అక్కడ పెయింట్ కింద పుట్టీ ఉన్నట్టు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వచ్చేసరికే ఇంజిన్ వేడెక్కించి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. థ్రెడ్ ఎంత ఉన్నా అంత పాత టైరు హైవేకి వద్దు.

ఇప్పుడు నా ఫేవరెట్ పార్ట్: కరెంట్ లెక్క

"ఏసీ కూడా నడుస్తది బ్రదర్, ఇన్వర్టర్ ఉంది" అన్నాడు. బీటెక్ చదివాం కదా, ఇక్కడైనా వాడదాం.

బండిలో ఉన్నది ఇంట్లో వాడే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి. 12 వోల్ట్స్ ఇంటూ 150 అంటే 1,800 వాట్ అవర్స్. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే లైఫ్ త్వరగా పోతుంది. సో మనం వాడగలిగేది 900. కరెంట్ బిల్లు భాషలో ఒక యూనిట్ కూడా కాదు.

ఇప్పుడు ఖర్చు. ఫ్యాన్ 25 వాట్స్, 10 గంటలు: 250. ల్యాప్‌టాప్ 60 వాట్స్, 4 గంటలు: 240. చిన్న డీసీ ఫ్రిజ్ రోజుకి సుమారు 450. లైట్లు, ఫోన్లు, కెమెరా ఛార్జింగ్: 100. మొత్తం 1,040. ఏసీ ఆన్ చేయకముందే మనం మైనస్‌లో ఉన్నాం! ఒక టన్ను ఏసీ ఫుల్ లోడ్‌లో గంటకి దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. అంటే అది గంట కూడా నడవదు.

సోలార్ ఉంది కదా అంటారా? 200 వాట్స్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 800 దాకా ఇస్తుంది. కానీ మే నెలలో బండి ఎక్కడ ఆపుతాం? చెట్టు కింద. ప్యానెల్‌కి ఎండ కావాలి, మనకి నీడ కావాలి. ఈ గొడవ ఏ యూట్యూబ్ వీడియోలోనూ చూపించరు.

100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పెడితే సుమారు 1,100 వాట్ అవర్స్ వాడుకోవచ్చు, బరువు కూడా చాలా తక్కువ. పైగా ట్యూబ్యులర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. నేను చూసిన బండిలో అది బెడ్డు కింద ఉంది, గాలి పోయే దారి లేదు.

గాలి విషయంలో జోక్స్ వద్దు

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉంటే తెలియనే తెలీదు. ఇంజిన్ గానీ జనరేటర్ గానీ ఆన్‌లో పెట్టి లోపల పడుకోవద్దు. ఫ్లోర్‌కి, ఎగ్జాస్ట్ పక్కన ఏ రంధ్రం ఉన్నా మూయించండి. సీఓ అలారం ఒకటి తప్పకుండా పెట్టండి.

వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే కిందకే దిగుతుంది. కాబట్టి సిలిండర్ పెట్టిన అరలో వెంట్ ఫ్లోర్ లెవెల్‌లో, బయటికి ఉండాలి. నేను చూసిన బండిలో పైన అందమైన జాలీ ఉంది, కింద ఏమీ లేదు.

చివరిగా డబ్బు

బండి 6.2 లక్షలు. టైర్లు, బ్రేకులు, క్లచ్‌కి చాచా చెప్పింది 90 వేలు. వైరింగ్, లిథియం కలిపి 1.1 లక్షలు. తుప్పు పనికి 50 వేలు. మొత్తం 8.7 లక్షలు. నా దగ్గర అంత లేదు. సరే, ఎలాగోలా తెచ్చా అనుకుందాం. పోయిన ఏడాది నేను నిజంగా ఎన్ని రోజులు టూర్‌లో ఉన్నానో క్యాలెండర్‌లో లెక్కేశా: 26. మూడేళ్లకి 78 రోజులు. తర్వాత 4 లక్షలకి అమ్మినా 4.7 లక్షలు పోయినట్టు. రోజుకి సుమారు 6,000. డీజిల్, ఇన్సూరెన్స్, పార్కింగ్ ఇంకా కలపలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ట్రావెలర్ పెడితే పక్క ఫ్లాట్ అంకుల్ ఏమంటారో అది వేరే ఎపిసోడ్.

మీరు ఏడాదికి 100 రోజులు రోడ్డు మీదుంటే ఈ లెక్క మారిపోతుంది. అందుకే నా లెక్క కాపీ కొట్టకండి, మీ క్యాలెండర్ తీయండి.

మరి నేనేం చేశా?

యూపీఐ యాప్ క్లోజ్ చేశా. అమ్మే ఆయనకి ఒకటే చెప్పా: "అన్నా, ఆర్సీలో క్యాంపర్ అని ఎక్కించి తీసుకురండి. మీ రేటుకే తీసుకుంటా." ఆయన నవ్వి, "సాయంత్రం పార్టీకి ఇచ్చేస్తా బ్రదర్" అన్నాడు. ఇంటికి వస్తూ కొంచెం బాధేసింది, అబద్ధం చెప్పను. ఆ కర్టెన్లు నిజంగానే బాగున్నాయి.

ఇప్పుడు నా ప్లాన్ ఇదీ. ముందు పేపర్లు సరిగ్గా ఉన్న క్యాంపర్ ఒకటి మూడు రోజులు రెంట్‌కి తీసుకుంటా. మూడో రోజు కూడా నచ్చితే, అప్పుడు ఆర్సీలో క్యాంపర్ అని ఉన్న బండి కోసమే వెతుకుతా. అప్పటిదాకా నాన్న పాత కారులో వెనక సీటు మడిచి, పరుపు వేసుకుని పడుకుంటా. ఏదీ బిగించక్కర్లేదు, పొద్దున్నే తీసేయొచ్చు.

నాన్నకి ఫోన్ చేసి కొనలేదు అని చెప్పా. "మంచిది. అన్నం తిన్నవా?" అన్నారు. అంతే.

మీరు చూస్తున్న బండి ఏదైనా ఉంటే, దాని వెహికల్ క్లాస్ దగ్గర ఏం రాసి ఉందో కామెంట్‌లో పెట్టండి. బండి నంబర్ మాత్రం పెట్టకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో రెంటల్ క్యాంపర్ నుంచి కలుద్దాం. ఉంటా ఫ్రెండ్స్, బై.