మూడు మీటర్ల అయిదు సెంటీమీటర్లు

మా అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి లెక్కల హోంవర్కు తెచ్చి చూపించింది. "3 మీటర్ల 5 సెంటీమీటర్లు ఎన్ని మీటర్లు?" అన్న ప్రశ్నకి 3.5 అని రాసుకుంది. నేను అప్పుడే పని నుంచి వచ్చి ఉన్నాను. "తప్పు. 3.05. సెంటీమీటర్లని వందతో భాగించాలని ఎన్నిసార్లు చెప్పాలే?" అని విసుక్కున్నాను. పాపం, రబ్బరుతో చెరిపి నేను చెప్పింది రాసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత పరీక్షలో 4 మీటర్ల 7 సెంటీమీటర్లకి 4.7 రాసి వచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే, అదే తప్పు నేనూ చేశానని బయటపడింది. తేడా అల్లా తనది కాయితం మీద, నాది ఇనుము మీద.

మేము ఉండేది కువైట్‌లో, ఫహాహీల్ దగ్గర. నా పని అక్కడికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉన్న షుఐబా పారిశ్రామికవాడలో. 1968లో మొదలైన షుఐబా రిఫైనరీని 2017లో మూసేశారు కాని, రేవు, రసాయన కర్మాగారాలు, వాటిని నమ్ముకున్న ఫాబ్రికేషన్ యార్డులు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక యార్డులో పైపులకీ, వాటిని మోసే సపోర్టులకీ కోత జాబితాలు తయారు చేసే ప్రోగ్రాము రాయడం నా ఉద్యోగం. "సాఫ్టువేరు" అంటే అద్దాల మేడ ఊహించుకునే చుట్టాలకి ఈ రేకుల షెడ్డు గురించి నేను ఎక్కువగా చెప్పను.

చమురు పరిశ్రమ అమెరికా ప్రమాణాలతో పెరిగింది కనక ఇక్కడ రోడ్డు మీద కిలోమీటర్లు, పైపు దగ్గర అంగుళాలు. సపోర్టుల పొడవులు మాకు ఒక స్ప్రెడ్‌షీటులో వచ్చాయి. అందులో 10.5, 10.9, 10.1 ఇలా ఉన్నాయి. "అడుగులు" అని పైన రాసి ఉంది. నేను ప్రతీదాన్నీ 304.8తో గుణించి మిల్లీమీటర్లు చేశాను. ఒక అడుగు 12 అంగుళాలు, 1959 ఒప్పందం తరవాత ఒక అంగుళం కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు, ఇందులో తప్పేముంది?

తప్పు చుక్కలో ఉంది. ఆ షీటు తయారు చేసినవాళ్ళు 10 అడుగుల 5 అంగుళాలని 10.5 అని కొట్టారు. మన పెళ్ళి ప్రకటనలు చూడండి: అబ్బాయి పొడుగు 5.9 అంటారు, ఇంకో అబ్బాయి 5.10 అంటారు. రెండోవాడే పొడుగని మనకి తెలుసు. కంప్యూటరుకి తెలియదు. పైగా 10.10 అని కొట్టిన గడిలో స్ప్రెడ్‌షీటు చివరి సున్నాని మింగేసి 10.1 చేస్తుంది. అంటే 10 అడుగుల 1 అంగుళమూ, 10 అడుగుల 10 అంగుళాలూ ఒకటే అయి కూర్చున్నాయి!

ఫలితం ఏమిటో లెక్క వేసి చూడండి. 10 అడుగుల 5 అంగుళాలు నిజానికి 3175 మిల్లీమీటర్లు. నా ప్రోగ్రాము 3200 అంది. పొడుగైతే ఫరవాలేదు, మళ్ళీ కోయొచ్చు. 10 అడుగుల 10 అంగుళాలు నిజానికి 3302. నా ప్రోగ్రాము 3078 అంది. పొట్టిగా కోసిన ఇనుము పెరగదు. నేను పరీక్షించినప్పుడు పూర్తి అడుగులున్న వరసలే తీసుకున్నాను. అవి భేషుగ్గా సరిపోయాయి మరి.

పధ్నాలుగు ముక్కలు పాడయ్యాయి. ఫోర్‌మన్ వెళ్ళి కోతమిషను దగ్గరి మనిషిని పట్టుకున్నాడు. అతనిది రాయచోటి వైపు. ఇరవై ఏళ్ళుగా ఇనుము కోస్తున్నాడు. ముక్కల ఖరీదు జీతంలో విరుస్తామన్నారు. నేను వెళ్ళేసరికి అతను ఒకటే మాట అంటున్నాడు: "కాయితంలో ఎంతుంటే అంతే కోసినా సార్. ఒకే వరసలో నిలబడే కాళ్ళు, దాంట్లో కొన్ని జానెడు పొట్టిగా ఉంటాయా అని ముందే అడిగినా. కాయితంలో ఉండేది కోయమన్నారు."

జానెడు! 3302లోంచి 3078 తీస్తే 224. నా జాన స్కేలు మీద పెట్టి చూసుకున్నాను, 22 సెంటీమీటర్లు. టేపు తియ్యకుండా, గుణకారం చెయ్యకుండా, తప్పు ఎంతో అతను చెప్పేశాడు. తప్పు నాదేనని రాసిచ్చాను. అతని జీతంలో కోత పడలేదు. కొలత బదలాయింపు తప్పులంటే మన సాఫ్టువేరు వాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది 1999లో పౌండ్లకీ న్యూటన్లకీ మధ్య పడి అంగారకుడి దగ్గర పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. అంత దూరం వెళ్ళక్కరలేదని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ రాత్రి అమ్మాయి నోట్సు మళ్ళీ తీశాను. తను రాసిన 3.5లో ఆలోచన లేకపోలేదు. మూడు ఇవి, అయిదు అవి, మధ్యలో చుక్క. దశాంశ బిందువు తనకి ఒక కామా. నేను నేర్పినది "వందతో భాగించు" అన్న సూత్రం, ఎందుకో నేర్పలేదు. అప్పుడు మొదటి నుంచీ మొదలుపెడదామనుకున్నాను. ఒకటో తరగతి చదివే మావాణ్ణి కూడా కూర్చోబెట్టాను.

మొదట టేపూ స్కేలూ ఏవీ ఇవ్వలేదు. సోఫాని జానలతో కొలవమన్నాను. నాకు 8 చిల్లర, అక్కకి 11, వాడికి 14 దాకా వచ్చింది. "నేనే గెలిచాను" అని వాడు గంతులేశాడు. నవ్వకండి. కొలతల బదలాయింపు మొత్తం ఆ గంతులోనే ఉంది: కొలబద్ద చిన్నదైతే లెక్క పెద్దదవుతుంది. సోఫా మారలేదు. చాలామంది పిల్లలు "సెంటీమీటరు చిన్నది కాబట్టి భాగించాలి" అని తిరగేస్తారు. చిన్నది అన్న మాటకి చిన్న అంకె వస్తుందనుకోవడం వాళ్ళ దృష్టిలో సహజమే. సోఫాని జానలతో కొలిచిన పిల్లవాడికి ఆ సందేహం వస్తే చెయ్యి చూపిస్తే చాలు.

మూరల దగ్గర మా అమ్మ సాయపడింది. ఫోనులో మనవలకి చెప్పింది: నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. పూలమ్మికి చెయ్యి పొట్టిగా ఉంటే మనకే నష్టం కనక, పొడుగు చెయ్యి ఉన్నామెని చూసి కొనాలిట. అందరికీ ఒకటే మూర ఎందుకు కావాలో ఇంతకంటే బాగా నేను చెప్పలేను. మీటరుని 1791లో ఫ్రాన్సులో భూమి కొలతలోంచి తీశారనీ, 1983 నుంచి శూన్యంలో కాంతి సెకండులో 299792458వ వంతు కాలంలో వెళ్ళే దూరంగా నిర్వచించారనీ అమ్మాయికి చెప్పాను. "ఎవరి చెయ్యీ కాదన్నమాట" అంది.

తరవాత అగ్గిపుల్లలు. పుస్తకాన్ని పుల్లలతో కొలవమంటే మావాడు పుల్లకీ పుల్లకీ మధ్య సందు వదిలాడు. సందులో ఉన్న పుస్తకం ఎవరి లెక్కలోకి వస్తుందని అడిగితే తనే జరుపుకున్నాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, అన్నీ ఒకే పొడుగున్న పుల్లలు పేర్చి అంటించేస్తే తయారయ్యేదే స్కేలు. ఆ సంగతి తెలియని పిల్లలకి స్కేలంటే అంకెలు రాసి ఉన్న చెక్క.

ఆ చెక్కతోనే అసలు తమాషా. పెన్సిలు ఒక కొసని 1 దగ్గర పెట్టి, రెండో కొస 7 దగ్గర ఉంటే 7 సెంటీమీటర్లు అన్నాడు. లెక్క ఒకటితో మొదలవుతుంది కదా, వాడి తప్పేముంది? ఒక పాత ప్లాస్టిక్ స్కేలుని 3 దగ్గర విరగ్గొట్టి దానితో కొలవమన్నాను. పెన్సిలు 3 నుంచి 9 దాకా వచ్చింది. ఈసారి గీతలు లెక్కపెట్టి మళ్ళీ 7 అన్నాడు! గీతల మధ్య ఉన్న గళ్ళలో వేలు పెట్టి లెక్కించమంటే 6 వచ్చింది. లూపు ఒకసారి ఎక్కువ తిరిగి తల పట్టుకున్న ప్రోగ్రామర్లు ఈ పిల్లవాణ్ణి చూసి నవ్వే అర్హత కోల్పోయారు. వరసలో స్తంభాలు ఏడైతే మధ్య ఖాళీలు ఆరే. లెక్కింపు సున్నాతో ఎందుకు మొదలుపెట్టాలో 1982లో డైక్‌స్ట్రా ఒక చిన్న చేతిరాత వ్యాసమే రాశాడు.

సున్నా గురించి ఇంకొక్క మాట. ఇంట్లో స్టీలు టేపు ఉంటే దాని చివరి కొక్కేన్ని కదిపి చూడండి. వదులుగా ఊగుతుంది. పాడైపోయిందని నేను చాలా కాలం అనుకున్నాను. కొక్కెం ఎంత మందమో అంతే దూరం అది జరుగుతుంది. అంచుకి తగిలించి లాగితే బయటికి వస్తుంది, గోడకి ఆనించి నొక్కితే లోపలికి పోతుంది. ఎలా కొలిచినా సున్నా తన చోట తను ఉంటుంది. కొక్కెం అరిగిపోయిన టేపుతో మా యార్డువాళ్ళు 100 మిల్లీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి, చివర వంద తీసేస్తారు. మావాడి విరిగిన స్కేలే!

ఇక 3.05. దీనికి సాధనం జేబులోనే ఉందని నాకు ఆలస్యంగా తట్టింది. కువైట్ దీనారుకి వంద పైసలు కావు, వెయ్యి ఫిల్సులు. 1961లో గల్ఫు రూపాయి పోయి దీనారు వచ్చినప్పటి నుంచీ అంతే. అందుకని ఇక్కడ ధరలకి చుక్క తరవాత మూడు స్థానాలు ఉంటాయి: 0.250, 1.050. మీటరుకి వెయ్యి మిల్లీమీటర్లు. మీటరు దీనారు, మిల్లీమీటరు ఫిల్సు, సెంటీమీటరు పది ఫిల్సుల నాణెం. వంద ఫిల్సులని ఇక్కడ దిర్హం అంటారు, అది డెసీమీటరు.

"మూడు దీనార్లు, అయిదు పది ఫిల్సుల నాణేలు. బిల్లు మీద ఎలా వేస్తారు?" అని అడిగాను.

"3.050" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"మరి 3.5 అంటే?"

కాసేపు చూసింది. "3.500. మూడున్నర. అంటే నేను యాభై సెంటీమీటర్లు రాశానా నాన్నా?"

వందతో భాగించమని నేను అరవకుండానే అయిపోయింది. ఆ తరవాత మీటరుని ఫిల్సుల్లోకి, అదే మిల్లీమీటర్లలోకి, మార్చేటప్పుడు నాణేలు ఎక్కువ వస్తాయా తక్కువ వస్తాయా అని తనే అడుక్కుంటుంది. కిలోమీటర్లకీ ఇదే పనికొస్తుంది: అక్కడ దీనారు కిలోమీటరు, ఫిల్సు మీటరు. 3 కిలోమీటర్ల 5 మీటర్లు 3.005. అమెరికాలో ఉన్నవాళ్ళకి డాలరూ సెంటూ మీటరుకీ సెంటీమీటరుకీ సరిగ్గా సరిపోతాయి. ఇండియాలో పిల్లలకే కష్టం. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి, పైసలు వాళ్ళు చేత్తో పట్టుకుని ఎరగరు.

తను ఇంత నేర్చుకున్నాక ఒక చిక్కు తెచ్చిపెట్టింది. రెండంగుళాల పైపు ముక్క ఒకటి, అంచులు నున్నగా అరగదీయించి, కాయితాల మీద బరువుగా ఇంట్లో పెట్టుకున్నాను. దాన్ని అడ్డంగా కొలిచి "నాన్నా, ఇది రెండంగుళాలు కాదు. 60 మిల్లీమీటర్లు దాటింది" అంది. నిజమే. రెండంగుళాల పైపు బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు, నాలుగంగుళాలది 114.3. పేరు పెట్టిన రోజుల్లో అది సుమారుగా లోపలి బోలు కొలత. గోడల మందం మారినా బయటి కొలతా పేరూ అలాగే ఉండిపోయాయి. పధ్నాలుగు అంగుళాల నుంచి మాత్రం పేరూ బయటి వ్యాసమూ ఒకటే, 355.6. కొన్ని అంకెలు కొలతలు కావు, ఉత్త పేర్లు అని చెప్పాను. "మరి కొలత అనుకుని ఎవరైనా కోసేస్తే?" అంది.

నా ప్రోగ్రాములో ఇప్పుడు అడుగులకి ఒక వరస, అంగుళాలకి ఇంకో వరస. పొడవు అని పేరున్న ప్రతీ గడి పేరులోనూ ఏ ప్రమాణమో రాసి ఉంటుంది. అది కాక, ఒకే వరసలో నిలబడే కాళ్ళలో ఏదైనా మిగతావాటికంటే 150 మిల్లీమీటర్లు తేడాగా ఉంటే జాబితా అచ్చు కాకుండా ఆగిపోతుంది. ఆ నియమం నాది కాదు, రాయచోటి మనిషిది. మొదటిసారి ఆగినప్పుడు పిలిచి చూపించాను. "ఇది ముందే పెట్టుంటే బాగుండు కదా సార్" అన్నాడు. ఏం చెప్పను?

ఆ శుక్రవారం ఇంట్లో మొత్తం కథ చెప్పాను. 3302, 3078 అంకెలు కాయితం మీద రాసిచ్చి, తేడా ఎంతని అమ్మాయిని అడిగాను. తీసివేత చేసింది. తరవాత బల్ల మీద స్కేలు పెట్టి, దాని పక్కన తన జాన పరిచింది. పదహారు దగ్గర ఆగింది. నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది.

"నా జానెడు కాదు నాన్నా. నీ జానెడు."